పిల్లల లెక్క కూడా సాగు లెక్కే

(ఆత్రేయపురం రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పోయిన సమావేశంలో ఎజెండా కాగితం మీద ఆఖరి అంశంగా ‘బడి, అంగన్‌వాడీ’ అని రాశాం. ధాన్యం డబ్బులు, కాలువ పూడిక, మురుగు డ్రెయిన్లు, ఎరువుల కొరత మాట్లాడుకునేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆఖరి అంశం చదవగానే ఒక పెద్దాయన లేచి, “పిల్లల సంగతి తల్లులు చూసుకుంటారు, మాస్టార్లు చూసుకుంటారు. రైతు సంఘానికి దీంతో పనేంటండీ?” అని అడిగారు. అందరూ నవ్వారు. సమావేశం అక్కడితో ముగిసింది.

ఆయన్ని తప్పు పట్టడం లేదు. ముప్పై ఏళ్లుగా మేమూ అలాగే నడిచాం. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాం, నీళ్ల కోసం లాకుల దగ్గర కూర్చున్నాం. ఊళ్లో బడి వంటగదికి కప్పు ఉందా లేదా అని ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పాలని ఈ నెలంతా ఆలోచించాం. ఆ జవాబే ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

చంటిబిడ్డ ఏ ఖాతాలో?

సాగు ఖర్చు లెక్క మన సభ్యులకు కొత్త కాదు. విత్తనం, ఎరువు, దమ్ము, కూలి ఇవన్నీ కలిపితే ఏ2. ఇంటిల్లిపాదీ చేసే కష్టానికి ఖరీదు కడితే ఎఫ్‌ఎల్. సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. సీ2 మీద యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని ఏళ్ల తరబడి అడుగుతున్నాం. స్వామినాథన్ గారి పేరు మనలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

మరి ఆ ఎఫ్‌ఎల్ అనే రెండక్షరాల్లో ఎవరున్నారు? తెల్లారకుండా లేచి వంట చేసి, నారుమడి దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నం తిరిగొచ్చి గేదెకు కుడితి పెట్టే మనిషి ఉంది. ఆవిడకు రెండేళ్ల బిడ్డ ఉంటే, ఆ బిడ్డ ఆ పూట ఎక్కడుందో ఏ లెక్కలోనూ లేదు. మా చిన్నప్పుడు గట్టు మీద చెట్టుకు పాతచీర కట్టి ఉయ్యాల వేసేవారు. అక్కను బడి మాన్పించి ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టేవారు. తమ్ముడు పెరిగాడు, అక్క చదువు ఆగింది. మనలో చాలామంది ఆ ఉయ్యాలలో పెరిగినవాళ్లమే. ఆ అక్కలకు మనం బాకీ ఉన్నాం.

స్వామినాథన్ గారి అధ్యక్షతన 2004 నుంచి 2006 వరకు పనిచేసిన జాతీయ రైతు కమిషన్ నివేదికల ఆధారంగా 2007లో కేంద్రం జాతీయ రైతు విధానం ప్రకటించింది. పొలంలో పనిచేసే ఆడవారికి పిల్లల సంరక్షణ కేంద్రాలు, పోషకాహారం, వైద్యం వంటి సదుపాయాలు ఉండాలన్న మాట ఆ విధానంలోనే ఉంది. మనం యాభై శాతం మాట పట్టుకున్నాం, ఈ మాట వదిలేశాం. సర్కారు రెండూ వదిలేసింది. సర్కారును అడగాల్సిన మనమే ఒకటి మరిచిపోతే ఇక గుర్తు చేసేవారెవరు?

ధాన్యాగారంలో రక్తం తక్కువ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అప్పటి నుంచి మన సీమకు అన్నపూర్ణ అని పేరు. మన ఊరి పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద జయ రకం బియ్యప్పిండి పలుచగా పరిచి రేకు తీసే మన ఆడపడుచుల చేతి పనికి అది గౌరవం. సంతోషమే. ఇంత బియ్యం పండే రాష్ట్రంలో పిల్లలు ఎలా ఉన్నారో కూడా చూద్దాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు విడతలోనూ 31 మందే. అంటే కొన్నేళ్లు గడిచినా అక్కడే ఉన్నాం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ముందు విడతలో నూటికి 59 మంది ఉంటే ఈ విడతలో 63 మంది అయ్యారు. తగ్గాల్సింది పెరిగింది. తల్లుల వయసు ఆడవారిలో కూడా నూటికి 59 మందికి రక్తం తక్కువే.

ఇది రాష్ట్రం మొత్తం లెక్క. మన ఊరు దీనికంటే మేలా, కాదా అని వాదించుకోవచ్చు. అంగన్‌వాడీలో ప్రతినెలా పిల్లల బరువు తూచి పుస్తకంలో రాస్తారు. వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. ధాన్యం తేమ శాతం ఒక పాయింటు తేడా వస్తే మిల్లరుతో గంట సేపు పోట్లాడతాం కదా. ఆ పుస్తకం మనలో ఎంతమంది తిరగేశాం?

కడుపు నిండా అన్నం తిన్నా రక్తం తక్కువ ఎందుకుంటుంది అంటారా? తెల్లగా పాలిష్ పట్టిన అన్నం ఒక్కటే తింటే కడుపు నిండుతుంది గానీ ఒంటికి ఇనుము అందదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు కంచంలోకి రావాలి. మందు చల్లి చల్లి పొలం గట్ల మీద తోటకూర, గంగవాయిలి కూర కూడా లేకుండా చేసుకున్నది మనమే. మురుగు సరిగా పారని పేటల్లో కడుపులో పురుగులు పడతాయి, తిన్నది ఒంటబట్టదు. మనం రోజూ మాట్లాడుకునే డ్రెయిన్ల సమస్యకు, పిల్లల ఒంట్లో రక్తానికి అంత దగ్గర సంబంధం ఉంది.

దయ కాదు, చట్టం

మన పక్కనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ గారిది ఆ ఊరు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసే దాకా వచ్చినవారికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి. ఆ అన్నం వ్యవసాయం చేసుకునే ఇంట్లోని ధాన్యంతో వండినదే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. మన ప్రాంతం వారందరికీ అది గర్వకారణం.

ఒక తేడా మాత్రం మనం గమనించాలి. సీతమ్మ గారు పెట్టింది దయతో. అలాంటి తల్లి ఊరికొకరు పుట్టరు. ఇవాళ బడిలో పెట్టే అన్నం దయ కాదు, హక్కు. అది హక్కు ఎలా అయిందో రైతులు తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ కథ మన ధాన్యం దగ్గరే మొదలైంది.

2001లో దేశంలో ఎఫ్‌సీఐ గోదాములు నిండిపోయి ధాన్యం పాడైపోతోంది. అదే సమయంలో రాజస్థాన్ వంటి చోట్ల కరువు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడు నవంబరు 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో ప్రతి పిల్లవాడికీ ఏడాదిలో కనీసం 200 రోజులు వండిన అన్నం పెట్టాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2006 డిసెంబరులో అదే కేసులో కోర్టు అంగన్‌వాడీల గురించి ఇంకో మాట చెప్పింది. ఒక పేటలో ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అక్కడివారు అడిగితే, మూడు నెలల్లో కేంద్రం తెరవాలి. లంకల్లో, చెరువు గట్ల మీద, కాలనీల్లో ఉన్న మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆరు నెలల బిడ్డ నుంచి పద్నాలుగేళ్ల పిల్లవాడి దాకా ఆహారం చట్టబద్ధమైన హక్కు అయింది. 2015లో దానికి మధ్యాహ్న భోజన నిబంధనలు రాశారు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. బియ్యం లేక, వంటవారు లేక, ఏ కారణం చేతనైనా బడిలో అన్నం పెట్టకపోతే ఆ బియ్యానికి, వంట ఖర్చుకు సమానమైన భత్యం మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. వరసగా మూడు బడి రోజులు గానీ, నెలలో అయిదు రోజులు గానీ అన్నం పెట్టకపోతే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి.

మీరే చెప్పండి. ధాన్యం డబ్బులు ఆలస్యమైతే ఎన్ని రోజులైందో వేళ్ల మీద లెక్కపెడతాం. బడిలో పొయ్యి వెలగని రోజులు ఎవరు లెక్కపెట్టారు? ఎవరూ లెక్కపెట్టకపోతే నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది.

కంచంలో మన పంట

బడికి 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి నిర్ణయం. ముద్దగా అయిపోయే అన్నం పిల్లలు చెత్తబుట్టలో వేయడం మనం చూసిందే. అయితే ఆ సన్నాలు పండించాల్సింది ఎవరు? దాళ్వాలో మనం బొండాలు వేస్తాం. వాటిని మనం తినం, మన పిల్లలకు పెట్టం. ఉప్పుడు బియ్యమై కేరళ పోతాయి. దిగుబడి బాగుంటుంది గనక వేస్తాం. సన్నాలకు తెగులు బెడద ఎక్కువ, దిగుబడి తక్కువ. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. బడి పిల్లల బియ్యం కోసమైనా మన దగ్గర కూడా అలాంటి ప్రోత్సాహం ఇవ్వాలని అడగడం పిల్లల కోరికా, రైతు కోరికా? రెండూ ఒకటే.

బియ్యం ఒక్కటే కాదు. రావులపాలెం మార్కెట్టులో గెల ధర పడిపోయిన రోజున మనవాళ్లు కోత కూలి కూడా రాదని చెట్టునే వదిలేస్తారు. ఆ తోటకు అర కిలోమీటరు దూరంలో ఉన్న బడిలో పిల్లల కంచంలో పండు ఉండదు. మధ్యలో అడ్డం ఏమిటి? కొనే పద్ధతి. గుడ్లు టెండరు మీద వస్తాయి. కూరగాయలు వంట చేసే అక్కలు సంతలో కొని తెస్తారు, బిల్లు తర్వాత వస్తుంది. పక్క తోటలో పండు ఉన్నా బడికి కొనే దారి లేదు.

దారి వేయలేనిదేం కాదు. బ్రెజిల్ దేశంలో 2009లో ఒక చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల పంట కొనడానికే ఖర్చు పెట్టాలని అందులో రాశారు. రైతు సంఘాలకు, చిన్న సహకార సంఘాలకు నేరుగా ఆర్డరు. మనకూ సహకార సంఘాలున్నాయి, రైతు ఉత్పత్తిదారుల సంఘాలున్నాయి, డ్వాక్రా సంఘాలున్నాయి. బడి భోజనం కొనుగోలులో ఇంత శాతం మండలంలోని చిన్న, కౌలు రైతుల దగ్గరే కొనాలని రాష్ట్రం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. మనకు ఏడాది పొడుగునా ఆగని బేరం, పిల్లలకు తాజా కూర. మన ఊరి పిల్లలు తినే కూరే అని తెలిస్తే మందు చల్లేటప్పుడు మన చెయ్యి కూడా కాస్త వెనకాడుతుంది.

వంట చేసే అక్కల మాట కూడా చెప్పాలి. వారికి నెలకు మూడు వేల గౌరవ వేతనం. చాలాచోట్ల సరుకుల బిల్లులు నెలల తరబడి రాకపోతే దుకాణంలో అప్పు పెట్టి వండుతారు. ధాన్యం అమ్మి డబ్బుల కోసం ఎదురుచూసే మనకు ఆ బాధ ఒకరు చెప్పాలా? వారి బిల్లుల బకాయి మన డిమాండ్ల కాగితంలో ధాన్యం బకాయి పక్కనే రాయాలి.

ఏడింటికి నాట్లు, తొమ్మిదింటికి అంగన్‌వాడీ

సార్వా నాట్ల వేళ కూలి మేళం ఉదయం ఏడింటికల్లా చేలో దిగుతుంది. కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి. ఆ రెండు గంటలు బిడ్డ ఎక్కడ? ముసలమ్మ ఉంటే ముసలమ్మ దగ్గర, లేకపోతే ఎనిమిదేళ్ల అక్క దగ్గర. మన ఊళ్లలో ఇంటి ముందే కాలువ. ఎక్కువ వివరం చెప్పక్కర్లేదు. మన కాలువలు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పాయో ఈ హాలులో ఉన్న పెద్దలందరికీ తెలుసు.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఒక మాట రాశారు. పని దగ్గరికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది వస్తే, వారిని చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆవిడకూ కూలి ఇవ్వాలన్నదే ఆ మాట. చెరువు పనికి వెళ్లే తల్లికి ఆ చట్టంలో రాసిన ఏర్పాటు మన చేలో నాటు వేసే తల్లికి ఎందుకు ఉండకూడదు? 2022 నుంచి కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీతో పాటు శిశు సంరక్షణ కేంద్రం నడిపే పథకం పెట్టింది. డెల్టా మండలాల్లో నాట్లకు, కోతలకు ఉదయం ఆరున్నర నుంచే కేంద్రం తెరిచేలా, అందుకు ఇంకో మనిషిని వేసి ఆవిడకు జీతం ఇచ్చేలా రాష్ట్రం పూనుకోవాలి.

ఉన్న మనిషి మీదే ఆ రెండు గంటలు రుద్దమని మనం అడగడం లేదు. 2023 డిసెంబరులో అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగారు. అప్పటికి టీచరుకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. అంగన్‌వాడీ వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వారు దాని కోసం రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ 42 రోజుల్లో రైతు సంఘంగా మనం ఒక్క రోజైనా వారి శిబిరంలో కూర్చున్నామా? మా మటుకు మేం ఒప్పుకుంటున్నాం, కూర్చోలేదు. మన పిల్లలను పెంచే వారి కష్టం మనకు పట్టనప్పుడు మన కష్టం వారికి పట్టాలని ఎలా అడుగుతాం?

కౌలు ఇంటి పిల్లలు

మన డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలుదారులే. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టని చోట కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం చేతికి రాదు. ఇవన్నీ ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఆ కార్డు లేకపోవడం పిల్లల చదువులోకి ఎలా వెళ్తుందో మాత్రం మాట్లాడుకోలేదు.

మాకు తెలిసిన ఒక కౌలు ఇంటి సంగతి చెబుతాం. పేరు, ఊరు వద్దు. కోత మీద వాన పడింది. ధాన్యం రంగు మారింది. మక్తా మాత్రం తగ్గలేదు. పెట్టుబడి పెట్టిన వడ్డీ వ్యాపారి గుమ్మంలో కూర్చున్నాడు. పది పాసైన అమ్మాయిని ఇంటర్‌లో చేర్చే వేళకు చేతిలో డబ్బు లేదు. ‘ఒక్క ఏడాది ఆగుదాం’ అన్నారు. ఏడాది తిరిగేలోపు పెళ్లి చేశారు. తండ్రి దుర్మార్గుడు కాదు. ఆ పిల్లంటే ప్రాణం. అప్పు తీర్చే దారి లేని ఇంట్లో ముందుగా తెగేది ఆడపిల్ల చదువే. ఇందాక చెప్పిన సర్వేలోనే, మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవారిలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని ఉంది. ఇంకో పక్క మన కోనసీమ తల్లులు ఎంతోమంది అప్పులు తీర్చడానికి గల్ఫ్ వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వీడియో కాల్‌లో తల్లి ముఖం చూసి అన్నం తినే పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు.

మన తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా మన వైపు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అది న్యాయమైన పోరాటమే, ఇవాళ్టికీ అదే మాట అంటాం. కానీ ఆ సీజన్‌లో నాట్లు లేక, కోతలు లేక ఊరు వదిలిన కూలి కుటుంబాల పిల్లలు బడికి వెళ్లారా, ఏం తిన్నారు అని మనం లెక్క తీయలేదు. ఎకరాల లెక్క తీశాం. ఇంకోసారి అలాంటి నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, అదే తీర్మానంలో కూలి ఇళ్ల పిల్లల అన్నానికి, బడికి ఏం చేయాలో కూడా రాయాలి.

డబ్బెక్కడిది అనేవారికి

రాష్ట్రానికి అప్పులున్నాయి, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారు. తమిళనాడులో 1950ల్లో కామరాజ్ గారు బడి భోజనం మొదలుపెట్టినా, 1982లో ఎంజీఆర్ గారు దాన్ని పెద్దఎత్తున పెంచినా అదే మాట వినిపించింది. ఆ తర్వాత వచ్చిన ఏ పార్టీ దాన్ని తీసేయలేదు. 2022లో స్టాలిన్ గారి ప్రభుత్వం పొద్దుటి ఫలహారం కూడా కలిపింది. ప్రభుత్వాలు మారినా కంచం మారకుండా ఉండాలి. మన దగ్గర ప్రభుత్వం మారినప్పుడల్లా పేర్లు మారుతున్నాయి. పేరు ఏదైనా పెట్టుకోనీయండి. గుడ్డు, పప్పు తగ్గకూడదు, బిల్లు ఆగకూడదు.

తల్లి ఖాతాలో డబ్బులు వేస్తున్నారు కదా అని మరికొందరు అంటారు. 2025లో ‘తల్లికి వందనం’ కింద పిల్లవాడికి 15 వేలు లెక్కగట్టి, బడి నిర్వహణకు 2 వేలు మినహాయించి 13 వేలు వేశారు. అది అవసరమే, ఎవరూ కాదనరు. కానీ ఆ 13 వేలతో ఏ తల్లీ కాలువ మీద కంచె కట్టించలేదు, బడికి టీచరును తేలేదు, అంగన్‌వాడీకి మరుగుదొడ్డి కట్టలేదు. అవి ఊరంతా కలిసి అడిగి తెచ్చుకోవాల్సినవి. రైతుకు పెట్టుబడి సాయం ఇచ్చినంత మాత్రాన కాలువలో నీళ్లు రావు కదా. ఇదీ అంతే.

అడిగితే వస్తాయా అంటే, వస్తాయి. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమిక బడుల నుంచి తీసి హైస్కూళ్లలో కలిపారు. చిన్నపిల్లలు కాలువ గట్ల వెంబడి, లారీలు తిరిగే రోడ్ల మీద నడవాల్సి వచ్చింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు పట్టు వదలకుండా అడిగాయి. 2025లో ఆ జీవో పోయి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. ఆ పోరాటంలోనూ రైతు సంఘాల గొంతు పెద్దగా వినపడలేదు.

ఇక మన పని

మిత్రులారా, కొత్త సంఘం పెట్టమని అడగడం లేదు. ఉన్న సంఘానికే ఈ పని అప్పజెప్పమంటున్నాం. అయిదు పనులు.

ఒకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవారు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఆ ఎన్నికలు జరిగాయి. ఆ కమిటీల్లో మన సభ్యులు, వారి ఇంటి ఆడవారు ఎంతమంది ఉన్నారో ఈ నెలలోనే పేర్లు రాయండి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం ఆ కమిటీకి ఉంది. మన డ్రెయిన్ల మీద మనం చూపించే పట్టుదల ఆ కాగితం మీద చూపించండి.

రెండు. ఊరికి ఇద్దరు చొప్పున వెళ్లి, నెలకోసారి బడిలో పిల్లలతో కలిసి కూర్చుని అన్నం తినండి. తనిఖీ చేసేవారిలా వెళ్లకండి, తినడానికి వెళ్లండి. ఎన్ని రోజులు వండారు, గుడ్డు వచ్చిందా, బిల్లు ఎన్ని నెలలది రావాలి అని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆహార భద్రతా చట్టం స్థానిక సంస్థలు సామాజిక తనిఖీ చేయాలంటోంది. ఆ తనిఖీకి మన పుస్తకమే ఆధారం అవుతుంది.

మూడు. వచ్చే గ్రామసభలో అంగన్‌వాడీ వేళల తీర్మానం పెట్టండి. నాట్ల, కోతల కాలంలో పొద్దున్నే తెరవాలి, దానికి అదనపు మనిషి, అదనపు జీతం. కాలువ ఒడ్డున ఉన్న బడికి, అంగన్‌వాడీకి కంచె కూడా అందులోనే రాయండి.

నాలుగు. బడి భోజనానికి కావలసిన బియ్యం, కూర, పండు, గుడ్డులో కొంత భాగం మండలంలోని చిన్న, కౌలు రైతుల దగ్గరే కొనాలన్న డిమాండును జిల్లా కమిటీకి, అక్కడి నుంచి రాష్ట్ర కమిటీకి పంపుదాం. మద్దతు ధర, కౌలు కార్డు పక్కన ఇది మూడో డిమాండుగా ఉండాలి.

అయిదు. ఇది మనకు మనమే పెట్టుకునే నియమం. పద్నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ని బడి వేళలో మన చేలో పనిలో పెట్టం. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎంవీ ఫౌండేషన్ 1990ల్లో ఈ పని మొదలుపెట్టినప్పుడు, పిల్లలతో పని చేయించుకున్న ఇళ్లవారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పించారు. ప్రభుత్వాన్ని అడిగే ముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి.

పోయిన నెల ప్రశ్న అడిగిన పెద్దాయన ఇవాళ కూడా ముందు వరసలోనే ఉన్నారు. ఆయనకు మేం చెప్పుకునేది ఒకటే. తాతగారూ, మీ మనవలు హైదరాబాదులో ఉన్నారు, బాగున్నారు, సంతోషం. మీ చేను సాగు చేస్తున్న కౌలుదారు పిల్లలు ఇక్కడే ఉన్నారు. రేపు ఈ మట్టిలో దిగేదీ, దిగకుండా వెళ్లిపోయేదీ వాళ్లే. రేపు సోమవారం బడిలో భోజనం గంట కొట్టే వేళకు మేం వెళ్తున్నాం. మీకూ ఒక కంచం వేయమని వంట అక్కకు చెప్పి ఉంచాం. తప్పకుండా రావాలి.